పాఠం వినని పిల్లవాడు

మా తరగతిలో పన్నెండేళ్ళ బాలుడొకడు వెనుక వరుసలో కూర్చునేవాడు. ‘సీన్’ అని చెబితే ‘సే’ అని పలికేవాడు. శ్రద్ధ లేదని మేము అనేకసార్లు మందలించాం. ఒకసారి జలుబు, గొంతునొప్పి వచ్చిన మరునాడే మూత్రం టీ డికాషన్ రంగులో పోతోందని భయపడుతూ చెప్పాడు. వైద్యులు మూత్రాన్ని, ఆపై వినికిడిని పరీక్షించారు. అది ఆల్పోర్ట్ వ్యాధి అని జన్యుపరీక్షలో తేలింది.

1927లో ఆల్పోర్ట్ అనే వైద్యుడు ఒకే కుటుంబంలో మూత్రపిండాల జబ్బు, చెవుడు కలిసి రావడాన్ని వివరించినందున దీనికి ఆ పేరు వచ్చింది. మూత్రపిండాల వడపోత పొరలోనూ, లోపలి చెవిలోనూ ఉండే ఒక రకం కొల్లాజెన్ పుట్టుకతోనే లోపభూయిష్టంగా ఉండటమే ఇందుకు మూలం. మొదట కంటికి కనబడని ఎర్రకణాలు మూత్రంలో చేరతాయి. కొన్నేళ్ళకు అల్బుమిన్ పోవడం మొదలవుతుంది. నొప్పి ఉండదు, బిడ్డ ఆడుతూనే ఉంటాడు. తల్లి ద్వారా ఈ లోపం సంక్రమించిన మగపిల్లల్లో, చికిత్స లేకుంటే దాదాపు సగంమందికి పాతికేళ్ళకే మూత్రపిండాలు విఫలమవుతాయి.

ఆ తల్లి మాతో ఒక మాట చెప్పి కన్నీరు పెట్టుకుంది. ఆమె తమ్ముడు ఇరవై రెండేళ్ళకే మూత్రపిండాలు చెడి మరణించాడట. ఆడపిల్లలకు సంబంధాలు కుదరవనే భయంతో ఇంట్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఆ మౌనం వల్ల ఈ బిడ్డకు విలువైన కాలం చేజారింది.

ఇది ఎవరి తప్పూ కాదు, దాచవలసిన కళంకమూ కాదు. వంశంలో చిన్న వయసులో మూత్రపిండాల జబ్బుగాని, చెవుడుగాని ఉంటే పిల్లలందరికీ, ఆడపిల్లలతో సహా, మూత్రపరీక్ష చేయించాలి. పట్టీ రంగు మారితే సూక్ష్మదర్శినితో నిర్ధారించుకోవాలి. రక్తకణాలు కనబడిన ప్రతిసారీ ఇదే జబ్బని బెదరనవసరం లేదు. ఇన్‌ఫెక్షన్, రాళ్ళు కూడా కారణం కావచ్చు. ఈ వ్యాధిలో మరో రకం తల్లిదండ్రులిద్దరి నుండీ సంక్రమిస్తుంది. దగ్గరి బంధువుల వివాహాలలో దాని అవకాశం ఎక్కువ. కనుక సంబంధం కలుపుకునే ముందే ఇరువైపులా ఈ సంగతి నిజాయితీగా మాట్లాడుకోవాలి.

రామిప్రిల్ వంటి మాత్రలు వ్యాధిని నయం చేయవు. కాని త్వరగా మొదలుపెడితే మూత్రపిండాల వైఫల్యాన్ని కొన్నేళ్ళు వెనక్కు నెట్టగలవు.

ఆ బాలుడిని మేము క్షమించమని అడిగాం. “వినబడక అలా పలికాను హజ్రత్” అన్నాడు తలవంచుకుని. ఇప్పుడతడు మొదటి వరుసలో, మాకు ఎదురుగా కూర్చుంటున్నాడు.