శాసనసభలకు విజ్ఞప్తులు

శాసనముల ముసాయిదాలను ముందుగా ప్రకటించి ప్రజాభిప్రాయమును గోరు పద్ధతి మన దేశమున మెల్లమెల్లగా ప్రవేశించుచున్నది. కేంద్ర మంత్రిత్వశాఖలు ముసాయిదాలను కనీసము 30 దినములు ప్రజల యెదుట నుంచవలెనని 2014లో నిర్ణయింపబడెను. అది విధానమేగాని శాసనము గాదు. పలుమారు ఉల్లంఘింపబడినది కూడ. అయినను ద్వారము కొంత తెరువబడినది. అందు బ్రవేశించుటకు దగిన వ్రాత మనయొద్ద గలదా?

భూవిషయమునే చూతము. తెలంగాణమున 2020 నాటి చట్టము తహసీలుదారు ఉత్తరువులపై అప్పీలునకు దారి చూపలేదు. ధరణిలో పేరు తప్పిన రైతు అనేక సందర్భములలో సివిలు కోర్టును ఆశ్రయింపవలసి వచ్చెను. 2024 ఆగస్టులో ప్రభుత్వము నూతన ముసాయిదాను ప్రకటించి అభిప్రాయములను గోరెను. 2025 ఏప్రిలు 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము అప్పీలును మరల గల్పించినది. ఇట్టి సమయమున ‘మాకు అన్యాయము జరిగినది, దయ చూపుడు’ అని వ్రాసిన కాగితము కట్టలో గలిసిపోవును. ‘ఫలాని సెక్షనున అప్పీలు పరిష్కారమునకు గడువు లేదు, ఇన్ని దినములని చేర్పుడు, చేర్పదగిన వాక్యమిది, చేర్పనిచో మా గ్రామమున ఇందరికి ఈ నష్టము’ అని వ్రాసినదానిని త్రోసిపుచ్చుటకు అధికారి కారణము వెదకికొనవలెను.

ఆంధ్రప్రదేశమున 2023లో అమలులోనికి వచ్చిన ల్యాండు టైటిలింగు చట్టముపై న్యాయవాదులు కోర్టులను బహిష్కరించిరి. హక్కు వివాదములు సివిలు కోర్టుల నుండి తొలగి అధికారుల చేతికి బోవుననియు, ఆపైన హైకోర్టు తప్ప వేరు గతి లేదనియు వారి యాక్షేపణ. అరయెకరము రైతు హైకోర్టు మెట్లెక్కగలడా యను నొక్క ప్రశ్న పల్లెలకు సులభముగా దెలిసినది. 2024లో ఆ చట్టము రద్దయ్యెను. ఎన్నికల వేడిలో అతిశయోక్తులును తక్కువగా లేవు. కాని అదే యాక్షేపణ బిల్లు సభలో నున్నపుడే సెక్షనువారీగా వ్రాయబడి యుండిన, ఇంత రభస యేల?

మన ప్లీడర్లకు వ్రాత రాదనుట గాదు. వారు నేర్చిన వ్రాత దావాపత్రము. అది జరిగిపోయినదానిని జూచును. శాసనసభకు వ్రాయు వ్రాత జరుగబోవుదానిని జూపవలెను. న్యాయమూర్తి పూర్వపు తీర్పుల నడుగును. శాసనసభ్యుడు ఎందరికి మేలు, ఖజానాకెంత వ్యయము, అధికారి చేయగలడా యని యడుగును. న్యాయకళాశాలలలో ప్లీడింగులును దస్తావేజుల రచనయును నిర్బంధపాఠ్యములు. సవరణ వాక్యము వ్రాయుటను గూడ వాని సరసన జేర్చుటకు అభ్యంతరమేమి?

ఇది మనకు క్రొత్త విద్య గాదు. 1852లో గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి మద్రాసు స్థానికసంఘమును స్థాపించి, రెవిన్యూ పాలనలోని కష్టములను వివరించుచు బ్రిటిషు పార్లమెంటునకు మహజరు పంపించెను. మరుసటియేట డాన్బీ సేమూరను సభ్యుడు చెన్నపట్టణమునకు వచ్చి స్వయముగా విచారించెను. పన్ను వసూలుకై రైతులను హింసించుట నిజమేనని 1855లో ప్రభుత్వము నియమించిన విచారణసంఘమే యంగీకరించినది.