కెనడా రాష్ట్రముల నామినేషన్లు

కెనడా ప్రభుత్వమువారు 2025 నవంబరులో ప్రకటించిన వలసల ప్రణాళిక ప్రకారము, 2026 సంవత్సరమున ఆ దేశమునకు శాశ్వత నివాసులుగా చేర్చుకొనదలచినవారి సంఖ్య 3,80,000. ఇందులో 91,500 స్థానములు అచ్చటి రాష్ట్ర ప్రభుత్వములు నామినేటు చేయువారికి కేటాయింపబడినవి. 2025 సంవత్సరమునకు ఇదే పద్దు క్రింద 55,000 మాత్రమే యుండెను. దానికి ముందు, 2024లో, 1,10,000 ఉండెను. రెండేండ్ల వ్యవధిలో ఒక సంఖ్య సగమునకు విఱిగి, మరల చాలవఱకు లేచినది. ఈ లెక్కలో నామినేషను పొందినవారే గాక వారి భార్యాబిడ్డలును చేరియుందురని మఱవరాదు.

ఈ యంకెలను మన జిల్లాలలో వానకాలపు వార్తలవలె శ్రద్ధగా చదువుచున్నారు. విజయవాడ, గుంటూరు, వరంగల్లు, కరీంనగరము వంటి పట్టణములలో విదేశవిద్య కన్సల్టెన్సీల బోర్డులు ఎచ్చట జూచినను కానవచ్చుచునే యున్నవి. బోర్డుమీద వ్రాసినది కళాశాల పేరైనను, తండ్రి పొలము తాకట్టుపెట్టి కొనుచున్నది ‘పి.ఆర్.’ అను రెండక్షరములనే. ఆ శాశ్వత నివాసపు హక్కునకు సులభమైన దారియని చెప్పబడుచున్న ఈ రాష్ట్ర నామినేషను ఎవరి యవసరము కొఱకు పుట్టినది? ఆ ద్వారపు తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది? తాకట్టు కాగితముమీద సంతకము పడకముందే ఈ ప్రశ్నలను వేసికొనుట మంచిది.

1867 నాటి కెనడా రాజ్యాంగ శాసనము 95వ సెక్షనులో వ్యవసాయమును, వలసను కేంద్ర రాష్ట్రముల కుమ్మడిగా నొసగి, రెంటి శాసనములకు వైరుధ్యము కలిగినచో కేంద్రముదే చెల్లునని నిర్ణయించినది. భూమిని, దానిని దున్నవచ్చువానిని ఒకే సెక్షనులో చేర్చిన యా శాసనకర్తలకు తమ దేశపు టవసరము బాగుగా దెలియును. ఐనను నూఱేండ్లకు పైగా రాష్ట్రములు ఆ యధికారమును అంతగా నుపయోగింపలేదు. ఇటీవలి కాలమున ముందుగా మేల్కొన్నది ఫ్రెంచిభాషా రాష్ట్రమైన క్వెబెక్కు. అది 1978లోను, మరల 1991లోను కేంద్రముతో ఒడంబడికలు చేసికొని, తనకు కావలసినవారిని తానే యెన్నుకొను హక్కును సంపాదించుకొన్నది. తక్కిన రాష్ట్రములు దానిని జూచి ఊరకుండునా?

వారి బాధయు న్యాయమైనదే. వలస వచ్చువారిలో అధికభాగము టొరాంటో, వాంకూవరు, మాంట్రియలు నగరములకే చేరుచుండిరి. గోధుమ పండు ప్రెయిరీ మైదానములలోను, అట్లాంటికు తీరమునందలి చిన్న రాష్ట్రములలోను పనివారు చాలకుండిరి. ఉన్న యువకులు పెద్ద నగరములకు తరలిపోవుచుండిరి. ఈ స్థితిలో 1996లో మానిటోబా రాష్ట్రము కేంద్రముతో ఒప్పందము చేసికొని, 1998 నుండి నామినేషన్లు జరుప నారంభించినది. దక్షిణ మానిటోబాలోని వింక్లరు, స్టైన్‌బాకు వంటి చిన్న పట్టణములకు జర్మను భాష మాటలాడు కుటుంబములు వచ్చి స్థిరపడినవి; తరువాత ఫిలిప్పీన్సువారును, మనవారును విన్నిపెగు నగరమును నింపిరి. ఒక రాష్ట్రముయొక్క క్షేమము దృష్ట్యా చూచినచో ఇది ఫలించిన యేర్పాటే. నేడు క్వెబెక్కు, నునావుటు తప్ప తక్కిన రాష్ట్రములన్నిటికిని, రెండు ఉత్తర ప్రాంతములకును ఈ పద్ధతి గలదు.

దీని నడక యిట్టిది. ప్రతి రాష్ట్రమును తనకే వృత్తులవారు కావలయునో ప్రకటించును: నర్సులు, వడ్రంగులు, లారీ డ్రైవర్లు, కంప్యూటరు పనివారు, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు. దరఖాస్తుదారు తన యిచ్ఛను దెలుపును. వయస్సు, విద్య, ఆంగ్లభాషా పరిజ్ఞానము, అనుభవము, ఆ రాష్ట్రముతో సంబంధము, వీనికి మార్కులు వేయుదురు. పిలుపు వచ్చినచో పత్రములు సమర్పించి నామినేషను పొందవచ్చును. కాని నామినేషను వీసా కాదు, నివాసపు హక్కును కాదు. ఆరోగ్యము, నేరచరిత్ర మున్నగునవి విచారించి శాశ్వత నివాసము నొసగునది కేంద్ర ప్రభుత్వమే. 2015 జనవరిలో ప్రారంభమైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో మొత్తము 1,200 మార్కులుండగా, రాష్ట్ర నామినేషను ఒక్కదానికే 600 మార్కులు కలుపుదురు. ఇటీవలి యేండ్లలో నామినేషను లేనివారికి సాధారణముగా 500 పైబడిన మార్కులు గాని పిలుపు రాలేదు గనుక, ఈ 600 ఎవరికి దొరకినవో వారికి పని ముగిసినట్లే. అందువలననే ఈ నామినేషను చుట్టును ఇంత యాశయు, ఇంత వ్యాపారమును అల్లుకొన్నవి.

ఇక తాళపుచెవి మాట. అది కాగితముమీద రాష్ట్ర ప్రభుత్వముచేత నున్నను, అనేక తరగతులలో దాని యొక కొన యజమానిచేతిలో నుండును. ఉద్యోగ మిచ్చెదనని యజమాని వ్రాసియిచ్చిన పత్రము లేనిదే దరఖాస్తు నిలువదు. నామినేషను వచ్చిన తరువాత ఉద్యోగము పోయినచో దానిని రాష్ట్రము రద్దుచేయవచ్చును. ఇట్టి స్థితిలో నున్న యువకుడు అధికపు గంటలు పనిచేయించినను, ఒప్పుకొన్న కూలి తగ్గించినను నోరెత్తగలడా? కెనడాలోని తాత్కాలిక విదేశ కార్మిక పద్ధతి నవీన దాస్యమునకు తావిచ్చుచున్నదని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక పరిశీలకుడు టొమోయా ఒబొకాటా 2023లో ఆ దేశమును దర్శించి చెప్పెను. కొందఱు యజమానులును, దళారులును ఉద్యోగ పత్రములనే సరకుగా అమ్ముకొనిరి. ఆ మోసమును అరికట్టుటకై కేంద్ర ప్రభుత్వము 2025 మార్చి 25 నుండి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ పత్రమునకు మార్కులిచ్చుట మానివేసినది. అయితే రాష్ట్రముల నామినేషను తరగతులు పెక్కింటిలో ఉద్యోగ పత్రపు నిబంధన నిలిచియే యున్నది.

మన తాతల కాలమున గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల కూలీలను మేస్త్రీలు బయానా యిచ్చి రంగూనునకు కొనిపోయి, వారి కూలిలో భాగము దీసికొనుచుండిరి. ఆ రేవులో బరువులు మోసిన తెలుగువారు 1930 మే నెలలో జరిగిన అల్లరులలో పెక్కుమంది హతులైరి. నేటి ఇంజనీరింగు పట్టభద్రుని ఆ కూలితో పోల్చుట కొందఱికి రుచింపకపోవచ్చును. వీరి కష్టము వారిదాని కెన్నో పాళ్లు తక్కువ. చట్టపు రక్షణయు వీరికి గలదు. కాని తన్నెవరు పిలిచిరో, ఎందులకు పిలిచిరో, పని తీరినపిదప ఏమి చేయుదురో తెలియకయే అప్పు చేసి సముద్రము దాటుటలో ఇరువురును ఒక్కటే.

2024లో ప్రిన్సు ఎడ్వర్డు దీవిలో జరిగినది ఇందులకు నిదర్శనము. రెండు లక్షల లోపు జనాభాగల ఆ చిన్న రాష్ట్రము కొన్ని యేండ్లుగా విదేశ విద్యార్థులను, పనివారిని ఆహ్వానించుచు, దుకాణములలోను, హోటళ్లలోను పనిచేసినవారికి సయితము నామినేషన్లిచ్చుచుండెను. ఆ మాట విని ఇతర రాష్ట్రములనుండి భారతీయ యువకులు అచ్చటికి తరలిరి. 2024 ఫిబ్రవరిలో ఆ ప్రభుత్వము నామినేషన్లను నాలుగవవంతు తగ్గించి, వైద్యము, గృహనిర్మాణము మున్నగు పనులవారికే ప్రాధాన్యమిచ్చి, అమ్మకములు, సేవల పనివారి దారిని దాదాపు మూసివేసినది. అప్పటికే అచ్చట పనిచేయుచు పన్నులు కట్టుచున్నవారి పర్మిట్లు ఒకటొకటిగా ముగియుచుండెను. మే నెలలో వారు షార్లట్‌టౌనులోని శాసనసభ యెదుట గుడారములు వేసికొని నిరాహారదీక్ష పూనిరి. తాము వచ్చునాటి నిబంధనలే తమకు వర్తింపవలెనని వారి కోరిక. ప్రభుత్వము తన ప్రధాన నిర్ణయమును మార్చుకొనలేదు.

ఇందులో న్యాయ మెవరిది? తన గడపలో ఎవరు కాలుపెట్టవలెనో నిర్ణయించుకొను హక్కు ప్రతి జాతికి గలదు. స్వరాజ్యము కొఱకు పోరాడిన మనము ఆ హక్కును మఱియొకరికి లేదనలేము. కెనడాలో ఇండ్ల యద్దెలు పెరిగి, వైద్యశాలలు చాలక, ప్రజలు విసిగియున్నారనుట వాస్తవము. 2023లో 4,71,000 మందికి పైగా శాశ్వత నివాసులుగా చేరిరి. అందులో సుమారు 1,39,000 మంది మనవారే. రానున్న వారిని తగ్గించుకొనుట ఒకటి. పిలిచి, కళాశాలల జీతములు వసూలుచేసి, దుకాణములు నడిపించుకొని, పర్మిటు ముగియవచ్చిన దినమున నిబంధన మార్చుట మఱియొకటి. మొదటిది హక్కు. రెండవదానిని హక్కని మేమనజాలము.

ఆ దేశముతో మన పరిచయము క్రొత్తది కాదు. 1908లో కెనడా ప్రభుత్వము, జన్మదేశమునుండి ఎచ్చటను ఆగక నేరుగా వచ్చువారినే దిగనిచ్చెదమని యుత్తరువు చేసినది. భారతదేశమునుండి నేరుగా వచ్చు ఓడలే లేకుండ చేయుట దాని మర్మము. 1914 మే నెలలో 376 మందితో వాంకూవరు రేవు చేరిన కోమగట మారు ఓడను రెండు నెలలు నీటిమీదనే నిలిపి, బహు కొద్దిమందిని తప్ప దిగనీయక, జులై 23న వెడలగొట్టిరి. సెప్టెంబరు 29న బజ్‌బజ్ రేవున బ్రిటిషువారి తుపాకులు ఆ ప్రయాణికులలో పెక్కుమందిని పొట్టనబెట్టుకొన్నవి. ఆ కాలమున పసిఫికు తీరమున రేగిన గదరు ఉద్యమమున మన దరిశి చెంచయ్యగారును పాల్గొనిరి. ఆ నాటి వర్ణభేదము నేటి శాసనములలో లేదు. 1967లో మార్కుల పద్ధతి వచ్చినపిమ్మట జాతినిబట్టి త్రోసివేయుట తొలగినది. 2016లో ఆ దేశ ప్రధాని ట్రూడో తమ పార్లమెంటులో ఓడ విషయమై క్షమాపణ చెప్పెను. కావున నేటి తగ్గింపులను నాటి ద్వేషముగా చిత్రించుట సత్యము కాదు. నాటి ఓడ యాత్రికులకు తమ ప్రతిపక్షి యెవరో తెలియును. నేటి మన యువకునికి తన యదృష్టము ఏ యుత్తరువులో నున్నదో తెలియదు.

2025లో ఆ యుత్తరువు ఇట్లుండెను: ఆ సంవత్సరారంభమున ప్రతి రాష్ట్రపు నామినేషన్లను కేంద్రము సగమునకు తగ్గించినది, ఒంటారియోకు 21,500 ఉండగా 10,750 మిగిలెను. తరువాత కొన్ని రాష్ట్రములకు కొంత పెంచిరి. నూటికి డెబ్బదియైదు నామినేషన్లు అప్పటికే కెనడాలో నున్నవారికే యీయవలెనని కేంద్రము షరతు పెట్టినట్లు సస్కాచెవాను ప్రభుత్వము ప్రకటించినది. హైదరాబాదులో కూర్చుండి మార్కులు లెక్కించుకొనువాని భాగము దీనివలన నెంతకు దిగినదో చదువరులే యూహింపగలరు. విద్యార్థిగా పోయి ఆ డెబ్బదియైదు పాళ్లలో చేరెదమందురా, చదువు ముగిసినపిదప పనిచేయుటకిచ్చు పర్మిటు మూడేండ్లకు మించదు. 2024 నవంబరు 1 తరువాత దరఖాస్తు చేసిన కళాశాల విద్యార్థులలో పెక్కుమందికి, ప్రభుత్వము నిర్ణయించిన విద్యాశాఖలలో చదివినగాని అదియు దొరకదు.

మన కన్సల్టెన్సీలు చెప్పు మఱియొక ఉపాయము గలదు: ‘ఏదో చిన్న రాష్ట్రమున నామినేషను సంపాదించి, దిగిన మఱునాడు టొరాంటో పోవచ్చును’ అని. శాశ్వత నివాసి యే రాష్ట్రమునైనను ఉండవచ్చునని 1982 నాటి హక్కుల పత్రము 6వ సెక్షను చెప్పుమాట నిజమే. కాని దరఖాస్తు చేయునాడు ఆ రాష్ట్రముననే స్థిరపడు నుద్దేశము నిజముగా నుండవలెను. అబద్ధమాడినట్లు రుజువైనచో ఐదేండ్లు ఆ దేశమునకు దరఖాస్తే లేదు. శిక్ష కుఱ్ఱవానిది, ఉపాయము చెప్పినవాడు ఇచ్చట మఱియొకనికి అదే చెప్పుచుండును.

రుసుముల సంగతియు తెలిసికొనదగినది. 2024 ఏప్రిలులో కేంద్రమునకు కట్టవలసిన శాశ్వత నివాసపు రుసుము పెద్దవాని కొక్కనికి 1,525 డాలర్లుగా నుండెను. రాష్ట్రపు రుసుము వేఱు, మానిటోబాలో 500 డాలర్లు. నామినేషను అమ్మకపు వస్తువు కాదు. లక్షలకు బేరము పెట్టువాడు అమ్ముచున్నది మఱియేదో. కెనడా శాసనము ప్రకారము, రుసుము దీసికొని ఈ వ్యవహారము నడుపుటకు లైసెన్సుగల వలస కన్సల్టెంట్లకును, అచ్చటి న్యాయవాదులు మున్నగు లా సొసైటీ సభ్యులకును, క్వెబెక్కు నోటరీలకును మాత్రమే యధికారము. కన్సల్టెంట్ల లైసెన్సుల జాబితా 2021లో స్థాపితమైన వారి కాలేజీవారి యొద్ద బహిరంగముగా నున్నది. మన వీధిలోని బోర్డు యజమాని పేరు అందున్నదో లేదో చూచుటకు అరగంట చాలును.

ఇచ్చట మన ప్రభుత్వములకును పని గలదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చు ఏజెంట్లను ఉద్దేశించి చేసినది. విద్యార్థి వీసా పేర లక్షలు వసూలుచేయు సంస్థలు దాని పట్టునకు చిక్కవు. ఎరువుల దుకాణమునకును, విత్తనముల దుకాణమునకును లైసెన్సు కావలసిన మన రాష్ట్రములలో, పొలమునే మింగు ఈ దుకాణమునకు మాత్రము మునిసిపాలిటీ వర్తక లైసెన్సు చాలుచున్నది. కన్సల్టెన్సీలన్నియు పేరు నమోదు చేయించుకొనవలెను, తీసికొను ప్రతి రూపాయికి రసీదీయవలెను, విదేశ కళాశాలనుండి తమకు వచ్చు కమీషను ఎంతో తలిదండ్రులకు వ్రాసియీయవలెను, ధరావతు కట్టవలెను. ఆంధ్ర తెలంగాణ శాసనసభలు రెండును కలిసి యాలోచించుటకు ఇంతకంటె వివాదము తక్కువైన విషయము దొరకదు.