పరీక్ష గదికి చేరకముందే మూసుకుంటున్న తలుపు

సివిల్ సర్వీసుల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన సమాజంలో ఒక లెక్క మొదలవుతుంది. జాబితాలో ముస్లిం పేర్లు ఎన్ని ఉన్నాయి, నిరుటి కంటే పెరిగాయా, తగ్గాయా అని రెండు రోజులు చర్చించుకుంటాం. కొన్ని సన్మానాలు, కొన్ని నిట్టూర్పులు. మూడో రోజుకు అంతా సద్దుమణుగుతుంది. అయితే దీనికంటే ముందు వేయవలసిన లెక్క మరొకటి ఉంది. అసలు పరీక్ష రాసినవారు ఎందరు?

ఈ ప్రశ్నకు సచార్ కమిటీ 2006లోనే జవాబిచ్చింది. అప్పటికి ఐఏఎస్‌లో ముస్లింల వాటా 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, ఐఎఫ్‌ఎస్‌లో 1.8 శాతం. 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో వారు 13.4 శాతం. ఈ అంకెలు మన వేదికలపై తరచుగా వినిపించేవే. అదే నివేదికలోని మరో అంశానికి మాత్రం తగిన ప్రచారం దక్కలేదు. 2003, 2004 సంవత్సరాలలో సివిల్స్ రాత పరీక్షకు హాజరైన వారిలో ముస్లింలు 4.9 శాతమే. హాజరైన వారి విజయశాతం మాత్రం ఇతరులతో దాదాపు సమానం. అంటే పరీక్ష గదిలోకి అడుగుపెట్టిన మన పిల్లలు ఎవరికీ తీసిపోలేదు. ఆ గది దాకా చేరినవారే తక్కువ.

పట్టభద్రుల సంఖ్యే తక్కువగా ఉండడం ఇందుకు ఒక కారణం. దాని బాధ్యత నుంచి ప్రభుత్వాలు తప్పించుకోలేవు. కానీ డిగ్రీ చేతికి వచ్చిన వారిలోనూ ఎందరో ఈ దారివైపు కన్నెత్తి చూడడం లేదు. అధికారి ఇంట పెరిగిన బిడ్డకు కలెక్టర్ అంటే ఎవరో, ఫైలు ఎలా నడుస్తుందో భోజనాల వేళ మాటల్లోనే తెలిసిపోతుంది. దర్జీ కూతురికి, ఆటో నడిపే తండ్రి కొడుకుకు ప్రభుత్వ కార్యాలయం అంటే కులం సర్టిఫికెట్టు కోసం, రేషన్ కార్డు కోసం నిలబడిన వరుస. ఆ బల్లకు అవతలివైపు తామూ కూర్చోవచ్చునన్న ఊహ వారికి ఎవరు కలిగించాలి?

ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాలో 2010లో ఏర్పడిన రెసిడెన్షియల్ కోచింగ్ అకాడమీ ఈ ప్రశ్నకు కొంత జవాబు చూపింది. మైనారిటీలకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ప్రవేశ పరీక్ష ద్వారా అక్కడ చోటు దొరుకుతుంది. శిక్షణ ఉచితం, హాస్టల్ వసతి ఉంటుంది. పాఠాల కంటే ఆ సహవాసమే దాని బలమని మా అభిప్రాయం. పక్క మంచం మీది మిత్రుడు ఇంటర్వ్యూకు సిద్ధమవుతుంటే, ఆ గమ్యం తనకూ అందేదేనన్న నమ్మకం కలుగుతుంది. 2018 పరీక్షలో 3వ ర్యాంకు పొందిన జునైద్ అహ్మద్, 2021 పరీక్షలో ప్రథమురాలిగా నిలిచిన శ్రుతి శర్మ ఆ అకాడమీలో శిక్షణ పొందినవారే. మైనారిటీ సంస్థకు ఊతమిస్తే ఫలం అందరికీ అందుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఇటువంటి అకాడమీని నిర్వహిస్తోంది.

దారి ఇంత స్పష్టంగా ఉండగా, కేంద్ర ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాలలో మైనారిటీ విద్యార్థుల ఉచిత శిక్షణకు ఉద్దేశించిన ‘నయా సవేరా’ను, ప్రిలిమ్స్ గట్టెక్కిన వారికి ఆర్థిక సాయం చేసే ‘నయీ ఉడాన్’ను నిలిపివేసింది. ఎక్కేవారు తక్కువగా ఉన్నారని నిచ్చెననే తీసివేయడం న్యాయమా? ఈ పథకాలను పునరుద్ధరించాలని మేము డిమాండ్ చేస్తున్నాము.

అయితే ఈ అకాడమీలు కూడా ముందే నిశ్చయించుకున్నవారికే ఉపయోగపడతాయి. ఆ నిశ్చయం కలగవలసిన చోటు డిగ్రీ కళాశాల. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు చట్రం ఇప్పటికే ఉంది. అక్కడి డిగ్రీ విద్యార్థులకు మొదటి సంవత్సరం తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు, ఆపైన ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. రెండు రాష్ట్రాలలోనూ జాతీయ సేవా పథకం కింద 7 రోజుల ప్రత్యేక శిబిరాలు ఉన్నాయి. ఇవి నివేదిక రాసి మార్కులు వేయించుకోవడంతో ముగిసిపోకూడదు. విద్యార్థిని కొన్ని వారాలపాటు తహసీల్దార్ కార్యాలయంలోనో, మునిసిపాలిటీలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ఉంచాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు స్వీకరించే చోట కూర్చోబెట్టాలి. ఒక వితంతువు పింఛను ఏ బల్ల దగ్గర ఆగిందో, ఎందుకు ఆగిందో కనిపెట్టమనాలి. ఆ ఒక్క పని నేర్పే పాలనా పాఠం ఏ గైడు పుస్తకమూ నేర్పలేదు. పరీక్ష నెగ్గకపోయినా ఆ విద్యార్థి తన వీధికి అర్జీ రాసిపెట్టగల పౌరుడవుతాడు.

రాష్ట్ర ప్రభుత్వాలు మైనారిటీ స్టడీ సర్కిళ్ల సేవలను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకూ విస్తరించాలి. జిల్లా కేంద్రాలలో వేసవి శిబిరాలను వసతితో నిర్వహించాలి. ఆడపిల్లలకు వేరుగా, భద్రంగా వసతి లేకపోతే సగం సమాజం గడప దాటదు.

మన వంతు కూడా ఉంది. షాదీఖానాలకు లక్షలు పోగుచేయగల సమాజం జిల్లాకొక రీడింగ్ రూము నడపలేదా? మస్జిద్ కమిటీలు సాయంత్రం వేళ ఒక గదిని, ఒక దినపత్రికను, ఒక దీపాన్ని చదువుకునే పిల్లలకు ఇవ్వలేవా? మన ఉద్యోగులు, విశ్రాంత అధికారులు నెలకొక ఆదివారం వారితో గడపలేరా?

ప్రభుత్వోద్యోగాలలో సమాన అవకాశాన్ని రాజ్యాంగం 16వ అధికరణ హామీ ఇచ్చింది. ఆ హామీని అమలు చేయమని ప్రభుత్వాన్ని నిలదీయడం మన హక్కు. పిల్లల్ని పరీక్ష గది గుమ్మం దాకా తీసుకుపోవడం మన కర్తవ్యం. వచ్చే ఏడాది ఫలితాల నాడు పేర్లు లెక్కపెట్టుకునే ముందు, మన ఊరి నుంచి ఎందరు దరఖాస్తు చేశారో లెక్క చూసుకుందాం.