కనిపించని మూడవ తీగ

గ్యాస్ బండ ఖాళీ అయిన రోజున ఆదుకుంటుందని నేడు చాలా గృహాల్లో కరెంటు పొయ్యి ఉంచుకుంటున్నారు. పాత కాయిల్ పొయ్యి పాడైతే ఇండక్షన్ పొయ్యి తెచ్చి, అదే సాకెట్టుకు తగిలించి వంట మొదలుపెడతారు. పొయ్యి మారింది గానీ, దానికి కరెంటునిచ్చే తీగ మారలేదు. ఈ సంగతిని గృహస్థులు ఒక్కసారి ఆలోచించాలని మేము కోరుతున్నాము.

మొదట భారం లెక్క చూద్దాము. 1000 వాట్ల పాత పొయ్యి 230 వోల్టుల వద్ద సుమారు 4.3 ఆంపియర్లు తీసుకునేది. 2000 వాట్ల కొత్త పొయ్యికి సుమారు 8.7 ఆంపియర్లు కావాలి. లైట్లకు, ఫ్యాన్లకు వేసిన లైనులోని చిన్న సాకెట్టు సామర్థ్యం 6 ఆంపియర్లే. పెద్ద ప్లగ్గును అడాప్టరుతో దానికి తగిలిస్తే సాకెట్టు మాడుతుంది, గోడలోని తీగ వేడెక్కి తొడుగు కరుగుతుంది. కనుక పొయ్యికి మెయిన్ బోర్డు నుండి ప్రత్యేకమైన లైను, 16 ఆంపియర్ల సాకెట్టు, దూరాన్ని బట్టి 2.5 లేదా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి తగిన ఎం.సి.బి. ఉండాలి. ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతున్నదని, తీగ మార్చకుండా ఇంకా పెద్దది వేయించడం ప్రమాదాన్ని పిలవడమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎర్త్. ఫేజు, న్యూట్రలు ఉంటే చాలు, పొయ్యి పనిచేస్తుంది, అన్నం ఉడుకుతుంది. మూడవ తీగ లేదన్న విషయం ఏళ్ల తరబడి ఎవరి దృష్టికీ రాదు. లోపల తీగ తొడుగు చెడి, పొయ్యి లోహభాగానికి కరెంటు సోకిన నాడు, సహరీ వేళ తడిచేతులతో దానిని తాకిన తల్లికే ఆ లోపం తెలుస్తుంది. ఎం.సి.బి. అధిక భారాన్ని, షార్ట్ సర్క్యూట్‌ను మాత్రమే పట్టుకుంటుంది. మనిషి శరీరం గుండా పోయే కొద్దిపాటి కరెంటు దానికి లెక్కలోకి రాదు, ప్రాణం తీయడానికి మాత్రం అది చాలు. అందుకే ఎర్త్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా అవసరం.

సాకెట్టులో ఎర్త్ పిన్నును న్యూట్రలుకు కలిపి పని ముగించేవారున్నారు. ఎక్కడైనా న్యూట్రలు తెగితే పొయ్యి లోహభాగమంతా కరెంటు పాకుతుంది. నీటి గొట్టానికి కలపడమూ తగదు. ప్లాస్టిక్ గొట్టం భూమికి కరెంటు చేర్చదు, లోహపు గొట్టమైతే కుళాయి పట్టిన వారికి ప్రమాదం.

కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం, లైను సామర్థ్యం మారనంత వరకు గృహోపకరణాన్ని మార్చుకునే వీలున్నది. కొత్త లైను వేయడం మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయించవలసిన పని. అద్దె ఇళ్లలో ఈ ఖర్చు ఎవరిదన్న వాదులాటలో పని వాయిదా పడుతుంది. గోడలోని తీగ ఇల్లు ఉన్నంత కాలం ఇంటితోనే ఉంటుంది గనుక, యజమాని ముందుకు రావడమే న్యాయమని మా అభిప్రాయం.

పని ముగిశాక ఎర్త్ నిజంగా పనిచేస్తున్నదో లేదో మీ ఎదుటే పరీక్షించి చూపమని అడగండి. ఆర్.సి.సి.బి. మీది టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కండి. వెంటనే కరెంటు ఆగిపోవాలి. ఆగకపోతే, బాగు చేయించే వరకు ఆ పొయ్యి వెలిగించకండి.