రచనకు గడువు

మంచిరోజు కోసం ఎదురుచూస్తూ పనిని వాయిదా వేసేవారు చాలామంది. రచన విషయంలో ఈ అలవాటు మరీ ఎక్కువ. 1999లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మంది దీనికొక ఉపాయం ఆలోచించారు. ఒక్క నెలలో నవల రాయాలని తమకు తామే గడువు పెట్టుకొన్నారు. తరువాత ఎన్నో దేశాలవారు ఈ పద్ధతిని అనుసరించారు. ఇంత తొందరగా రాసినది మంచి నవల అవుతుందా అని కొందరు ఆక్షేపిస్తారు.

మహారాష్ట్రలోని తెలుగు విద్యార్థికి దీనికి సమాధానం ఇంటి భాషలోనూ, ఇరుగుపొరుగు భాషలోనూ దొరుకుతుంది. విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' అనే బృహన్నవలను ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీకోసం 29 రోజుల్లో పూర్తిచేశారని ప్రసిద్ధి. అడివి బాపిరాజు రచించిన 'నారాయణరావు'తోపాటు దానికి బహుమతి లభించింది. మరాఠీలో సానే గురూజీ 'శ్యామ్‌చీ ఆయీ'ని నాసిక్ జైలులో 1933 ఫిబ్రవరి 9న మొదలుపెట్టి 13న ముగించారు. అంటే ఐదే రోజులు!

అయితే రాసిన రోజులను మాత్రమే లెక్కపెట్టడం పొరపాటు. సానే గురూజీ తల్లి 1917లో మరణించింది. ఆమె మాటలను ఆయన పదిహేనేళ్ళకు పైగా మనసులో దాచుకొన్నారు. విశ్వనాథ కూడా చిన్ననాటి నుంచి చూసిన పల్లె జీవితాన్నే నవలలో నిలిపారు.

వరోరా పక్కనే ఉన్న ఆనందవనం ఈ విషయాన్ని చక్కగా బోధిస్తుంది. 1950 ప్రాంతంలో బాబా ఆమ్టే కుష్ఠురోగులతో కలిసి అక్కడ అడుగుపెట్టినప్పుడు అది రాళ్ళు నిండిన బీడు. ముందుగా బావి తవ్వవలసివచ్చింది. బావి తవ్వడం కష్టం. నీరు పడ్డాక తోడుకోవడం తేలిక. రచన కూడా అంతే. అనుభవం, చదువు, జ్ఞాపకం బావివంటివి. వాటికి గడువు పెట్టలేము.

మరి గడువు ఎందుకు? నీరున్నా, చేద వేసేవారు లేకపోతే దాహం తీరదు. గడువు మనచేత చేద వేయిస్తుంది. తొందరలో తప్పులు దొర్లవచ్చు. వాటిని తరువాత దిద్దుకోవచ్చు. అసలు రాయని పుటను ఎవరూ దిద్దలేరు.

వరోరావంటి ఊళ్ళలో ఇంట తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే కుటుంబాలున్నాయి. వారు ఏ ఊరినుంచి వచ్చారు? ఎందుకు వచ్చారు? మొదట ఏ పని చేశారు? ఈ సంగతులు తాతయ్యలకు, అమ్మమ్మలకు తెలుసు. అవి ఏ పుస్తకంలోనూ దొరకవు. పెద్దలు కలకాలం ఉండరు. వారి కథను రోజుకొక పుట చొప్పున నెలరోజులు రాస్తే ముప్పై పుటలవుతుంది. అది నవల కాకపోవచ్చు. కాని ఆ ఇంటి మాట, ఆ ఇంటి తెలుగు నిలుస్తాయి. అందుకు మంచిరోజు వెతకనక్కరలేదు. అడిగితే చెప్పే పెద్దలు ఇంట ఉన్న ప్రతిరోజూ మంచిరోజే.