కొండ మీది పువ్వుకు పేరు చెప్పేదెవరు?



ఫాల్గుణం వచ్చింది. మన కొండల మీద మోదుగ పూసే కాలం. అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్న ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం, అమ్రాబాద్ పిల్లలకు ఆ ఎరుపు ఇప్పుడు ఫోన్‌లోనే కనిపిస్తది. శనివారం రాత్రి ఇదే నారాయణగూడ రోడ్ల మీంచి ట్రెక్కింగ్ బ్యాచ్‌లు మన కొండలకు బయలుదేరతాయి. సోమవారం కల్లా రీల్స్ వచ్చేస్తాయి. ఒక సీతాకోకచిలుక, ఒక అడవి పువ్వు, వెనుక ఒక పాట. కింద "మనిషి అడుగుపెట్టని ప్రకృతి" అని రాస్తరు. మరి వాళ్లు నడిచిన ఆ కాలిబాట ఎవరి పాదాలు వేసినయి?

కొండెక్కి పూలు చూడడం తప్పని నేను అనను. రావాలె, చూడాలె. కానీ ఆ కొండ గురించి చెప్పే మాట అక్కడ పుట్టినోళ్ల నోటి నుంచి రావాలె. ఆ పని పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనమే మొదలుపెట్టాలె.

ముందు చూపు సంగతి. వసంతం అంటే నేలంతా పూలు పరుచుకుంటాయని చాలామంది అనుకుంటరు. ఉత్తరాఖండ్ పూల లోయ ఫొటోలు చూసి వచ్చిన ఊహ అది. ఆ లోయ కూడా పూసేది జూలై, ఆగస్టు వానల్లో. మన దగ్గర ఈ రోజుల్లో నేల ఎండి ఉంటది, కాలి కింద రాలిన ఆకు. పువ్వు ఉండేది తల మీద. మోదుగ, బూరుగ, కొండగోగు ఆకులన్నీ రాల్చుకుని మోడుగా నిలబడి పూస్తాయి. తర్వాత ఇప్ప, ఆ తర్వాత రేల. ఇప్ప పువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలుతది, అందుకే మన ఆడోళ్లు పొద్దు పొడవకముందే గంప పట్టుకుని చెట్టు కిందికి పోతరు. దురాడికి గోండు గూడేల్లో మోదుగ పూలు ఉడికించి రంగు తీస్తరు. సీతాకోకచిలుకలు గుంపులుగా కనిపించేది వానలు పడ్డ తర్వాత. ఈ ఎండిన నెలల్లో వాటిని చూడాలంటే ఇంకిపోతున్న వాగు దగ్గరికి పోవాలె. తడి ఇసుక మీద వాలి నీళ్లతో పాటు ఉప్పులు పీల్చుకుంటుంటాయి. వాటిలో ఎక్కువ మగవే.

ఇంకో సంగతి. రీల్స్‌లో సీతాకోకచిలుక ఎక్కువసార్లు ఏ పువ్వు మీద ఉంటదో గమనించారా? పసుపు, గులాబి రంగులు కలిసిన చిన్న చిన్న పూల గుత్తి. అది లాంటానా, కొందరు తలంబ్రాల చెట్టు అంటరు. అమెరికా ఖండం మొక్క. 19వ శతాబ్దం మొదట్లో తోటల అందం కోసం బ్రిటిషోళ్లు తెచ్చారు, తోట దాటి అడవిలోకి చేరింది. ట్రెక్కర్‌కు అది అడవి పువ్వు. పశువులు కాసేటోడికి అది గడ్డిని మింగిన ముళ్లపొద. సీతాకోకచిలుక దాని తేనె తాగుతది, కానీ పిల్లల్ని పెంచేది వేరే చెట్టు మీద. లేత పసుపు రెక్కల రకం రేల, తంగేడు జాతి ఆకుల మీద గుడ్లు పెడతది. నారింజ రెక్కలకు నల్ల అంచున్నది జిల్లేడు మీద పెడతది. మన పెరట్లో కరివేపాకు తినే ఆకుపచ్చ పురుగు కూడా రేపటి సీతాకోకచిలుకే. పువ్వు దానికి హోటల్ లాంటిది, ఆకు పుట్టిల్లు. పువ్వును ఫొటో తీసి ఆకును తొక్కుకుంటూ పోతే చూసింది సగమే.

చట్టం మాటకొస్తే, మీలో చాలామంది దీన్ని బిట్లుగా చదివే ఉంటరు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో దసలి పట్టునూ, పట్టుకాయలనూ పేరు పెట్టి చేర్చింది. మహదేవ్‌పూర్, చెన్నూరు వైపు మద్ది చెట్ల మీద పెంచే పట్టుపురుగు కూడా సీతాకోకచిలుకల చుట్టమే. సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యం మీదా, దాని గురించిన సంప్రదాయ జ్ఞానం మీదా సమూహానికి హక్కు ఇచ్చింది. సెక్షన్ 5 అడవినీ, వన్యప్రాణులనూ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. కాగితం మీద ఇంత ఉంది. నేల మీద టికెట్ కొన్నవాడు పర్యాటకుడు, గంప పట్టిన మన అవ్వ ఆక్రమణదారు. 2025 మేలో జీవో 49 తెచ్చి ఆసిఫాబాద్ అడవిని కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించారు. ఆదివాసీలు రోడ్డెక్కితే జూలైలో నిలిపివేశారు. అడవిని కాపాడడానికి మనల్ని పక్కన పెట్టాలనే ఆలోచన ఇంకా పోలేదు.

పక్క రాష్ట్రం చూడండి. కర్ణాటక బిలిగిరి రంగన కొండల్లో సోలిగలు 2011లో పులుల అభయారణ్యంలోనే సామూహిక అటవీ హక్కులు సాధించారు. ఎండాకాలం ముందు నేల మీద పెట్టే చిన్న మంటలను నిషేధించాకే లాంటానా అడవిని కమ్మేసిందని వాళ్లు చెబుతూ వచ్చారు. పరిశోధకులు వాళ్లతో కూర్చుని ఆ మాట విన్నారు, రాశారు. జ్ఞానం ఉన్నోడి దగ్గర లెక్క కూడా ఉంటే ఆ మాటకు బలం వస్తది.

"పరీక్ష నెత్తి మీదుంటే పూల ముచ్చటేందన్నా?" అంటారేమో. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారన్నది మీకు ఒక మార్కు. కానీ రేపు మీలోనే ఒకరు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అయితరు. ఆ రోజు గంప పట్టుకుని ఎదురొచ్చిన అవ్వలో దొంగను చూస్తరా, హక్కుదారును చూస్తరా? ఆ జవాబు ఏ కోచింగ్ సెంటర్ మెటీరియల్‌లోనూ దొరకదు.

అందుకే మూడు పనులు. ఈ పండుగకు ఊరికి పోయినప్పుడు పెద్దలతో కొండెక్కండి. పది పూలు, పది పురుగులు రాసుకోండి. గోండి, కోయ, కొలామి, మీ ఇంట్లో ఏ భాష ఉంటే ఆ పేరుతో రాయండి. ఏ నెలలో పూస్తది, ఏ ఆకు మీద ఏ పురుగు, ఏ పండుగకు వాడతరు, అన్నీ.

రెండోది, ఆ నోట్‌బుక్‌ను గ్రామసభ ముందు పెట్టండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలె. దాన్ని మన మాట లేకుండా ఆఫీసులో కూర్చుని నింపనీయొద్దు. ఒక జాగ్రత్త: మందు మొక్కల గుట్టు మాత్రం పెద్దల అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో పెట్టకండి. ఒకసారి బయటపడితే తిరిగి రాదు.

మూడోది, ట్రెక్ బ్యాచ్ వస్తే మన పిల్లలే ముందు నడవాలె. ఎంతమంది రావాలె, ఏ బాటన పోవాలె, ఎంత రుసుము, ఏ నెలలో రావొద్దు, ఇవన్నీ గ్రామసభ తీర్మానం చేయాలె. పెన్ స్థలం దగ్గర కెమెరా ఎత్తొద్దని చెప్పే ధైర్యం మనకుండాలె.

మాకు మద్దతుగా ఈ పేజీ చదివే పట్నం మిత్రులకూ ఒక మాట. ఈసారి కొండకు వచ్చినప్పుడు పువ్వు పేరు యాప్‌ను అడిగే ముందు పక్కనున్న మనిషిని అడగండి. గోండిలో పువ్వును పుంగార్ అంటరు. ఆ ఒక్క మాట నేర్చుకుని వచ్చినా చాలు, మిగతాది మేం నడుస్తూ చెప్తం.

జై ఆదివాసీ!