సర్దిన పెట్టె, రాసిన పుస్తకం

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో మంచం కింది ఇనప్పెట్టెలు బయటికొస్తాయి. ఏ పెట్టెలో ఏముందో అమ్మ ఒక కాగితం మీద రాసి మూతకు అంటిస్తుంది. కొత్త క్వార్టర్లో మొదటి రాత్రే అన్నం వండుకోగలుగుతున్నామంటే ఆ కాగితం పుణ్యమే. ఢిల్లీ మాకు ఐదో పోస్టింగు. ఆ కాగితం విలువ మాకు బాగా తెలుసు.

అయినా నిరుడు మేమే మరిచాం. మా బడిలో ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు ఉబుంటు టచ్‌కు చిన్న యాప్ రాయాలనుకున్నారు. అది లినక్స్ మీద నడిచే ఫోన్ వ్యవస్థ. కంప్యూటర్‌లో లినక్స్ వేసి, డాకర్ పెట్టి, క్లికబుల్ అనే పనిముట్టు ఎక్కించేసరికి మూడు వారాలు పట్టింది. డాకర్ కూడా ఒక పెట్టే. యాప్ తయారీకి కావలసిన సరంజామా అంతా అందులో సర్ది ఉంటుంది కాబట్టి, ఏ కంప్యూటర్‌లో విప్పినా ఒకేలా పనిచేస్తుంది. చేతిలో ఆ ఫోన్ లేకపోయినా 'క్లికబుల్ డెస్క్‌టాప్' అని ఆదేశమిస్తే యాప్ కంప్యూటర్ తెర మీదే తెరుచుకుంటుంది. తెరుచుకున్న రోజు అందరం చప్పట్లు కొట్టాం.

మార్చిలో ఇద్దరి నాన్నలకూ బదిలీ అయింది. ఏప్రిల్లో కొత్త పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఎక్కడ ఏ లోపం వచ్చిందో, ఎలా సరిచేశారో ఒక్క ముక్కా రాసి లేదు. మళ్లీ మొదటికొచ్చాం. రాయమని చెప్పని తప్పు మాదే.

ఉబుంటు టచ్‌దీ బదిలీ కథే. మొదలుపెట్టిన కెనానికల్ సంస్థ 2017లో దాన్ని వదిలేసింది. యూబీపోర్ట్స్ స్వచ్ఛంద కార్యకర్తలు అందుకున్నారు. కోడ్ అందరికీ తెరిచి ఉంది గనుకనే అందుకోగలిగారు. ఒకరు వెళ్లిపోయినా పని ఆగకూడదంటే, చేసినది మరొకరికి కనిపించాలి.

అందుకే మా అభిప్రాయం ఇది: యాప్ తెరుచుకుంటే పని సగమే అయినట్టు; ఎలా తెరుచుకుందో రాస్తేనే పూర్తి. అదీ తెలుగులో రాయాలి. "ఢిల్లీలో తెలుగు ఎవరు చదువుతారు మాస్టారూ?" అని అడుగుతారు. నిజమే, మిగతావారి కోసం హిందీలోనూ ఒక ప్రతి రాయండి. కానీ ఒక లోపం ఎందుకొచ్చిందో ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పగలిగితేనే అది మనకు అర్థమైనట్టు. పైగా ఊరు మారినప్పుడల్లా బడి మారుతుంది, స్నేహితులు మారతారు. మనతో వచ్చే తెలుగుకు పండగ మాటలే కాదు, పని మాటలు కూడా నేర్పాలి.

కంప్యూటర్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఇచ్చిన ఆదేశం, వచ్చిన లోపం, సరిచేసిన తీరు రాయండి. వెళ్లేటప్పుడు ఒక ప్రతి బడిలో వదిలి, ఒకటి పెట్టెలో పెట్టుకోండి.